నాన్న ఫొటోలు చేతికొచ్చాయి: నా అనుభవం

నాన్న పోయాక ఆయన ఫొటోలన్నీ గూగుల్ అకౌంట్‌లోనే ఉండిపోయాయి. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. పుట్టిన తేదీలు, పెళ్లిరోజు, నా లాప్‌టాప్‌లో రికవరీ, తిరుపతిలో మొబైల్ షాపు అబ్బాయి, ఏదీ పనిచేయలేదు.

ముందు ఆయన ప్రీపెయిడ్ నంబర్‌కి రీఛార్జ్ చేశాను. 90 రోజులు వాడకపోతే నంబర్ పోవచ్చు. (సిమ్ తీసేద్దామన్నాడు తమ్ముడు. ఆగడం మంచిదైంది.) తర్వాత సిమ్‌ని ఆయన ఫోన్‌లోనే ఉంచి, ఇంటి వైఫైకి కలిపి, అక్కడే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కాను. ఎప్పుడూ వాడే ఫోను, ఎప్పుడూ ఉండే చోటు అయితే గూగుల్ నమ్మే అవకాశం ఎక్కువ. నేను లాప్‌టాప్‌లో తిప్పలు పడింది అందుకేనేమో. ఓటీపీ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను.

వెంటనే గూగుల్ టేక్అవుట్‌లో (అకౌంట్‌లో ఉన్నవన్నీ డౌన్‌లోడ్ చేసుకునే గూగుల్ సదుపాయం) అన్ని టిక్కులూ తీసేసి, ఫొటోలు ఒక్కటే ఎంచుకున్నాను. డౌన్‌లోడ్ లింక్ వారం రోజులే ఉంటుంది కాబట్టి ఆ రాత్రే హార్డ్‌డిస్క్‌లోకి దించాను. అలిపిరి మెట్ల మీద అమ్మతో దిగినవి కూడా ఉన్నాయి.

ఫోన్ ప్యాటర్న్ అమ్మకు తెలుసు కాబట్టి మాకు కుదిరింది, అందరికీ కుదురుతుందని చెప్పలేను. లేదంటే మరణ ధ్రువీకరణ పత్రంతో గూగుల్‌కి అర్జీ పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లివ్వరు. రెండేళ్లు వాడని అకౌంట్‌ని గూగుల్ తీసేయొచ్చు, ఆలస్యం చేయకండి.