బండి మిస్ కొడుతుంటే ముందు చోక్ లాగి చూడండి

కార్బురేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న సెకండ్ హ్యాండ్ బండి మిస్ కొడుతుంటే, అంటే ఇంజన్ మధ్యమధ్యలో తడబడుతుంటే, స్పార్క్ ప్లగ్ మార్చాలా కార్బురేటర్ విప్పించాలా తేలక ఊరికే డబ్బులు పోతుంటాయి. బండి ఓ 10 నిమిషాలు నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక, మిస్ అవుతున్నప్పుడే చోక్ (గాలితో పోలిస్తే పెట్రోల్ ఎక్కువ వెళ్లేలా చేసే మీట) సగం లాగండి. మిస్ తగ్గి స్మూత్‌గా తిరిగిందంటే పెట్రోల్ చాలట్లేదన్నమాట, పైలట్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు లేదా కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతుండొచ్చు. ఇంకా ఎక్కువై ఆగిపోబోతే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు, ప్లగ్ విప్పితే కొనమీద పొడి మసి కనిపిస్తుంది, ఎయిర్ ఫిల్టర్ చూడండి. పెద్దగా తేడా లేకపోతే ప్లగ్, దాని మీదుండే క్యాప్, దానికి కరెంటిచ్చే కాయిల్ వైపు వెళ్లండి, నన్నడిగితే క్యాప్ లూజ్‌గా ఉందేమో ముందు అది చూడాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఈ టెస్ట్ నమ్మొద్దు, అప్పుడు చోక్ వేస్తే మంచి బండి కూడా బాగా తిరుగుతుంది.