ఎత్తైన కొండలపై స్నోమొబైల్ ఐడిల్ నిలవకపోవడం: సమస్య - పరిష్కారం

డెన్వర్‌లో, అంటే 5,280 అడుగుల ఎత్తులో, ఇంటి ముందు చక్కగా నడిచిన పాత కార్బ్యురేటర్ స్నోమొబైల్‌ను (మంచుపై నడిచే బండిని) ట్రైలర్‌పై ఎక్కించుకుని 10,662 అడుగుల వెయిల్ పాస్ కనుమకు తీసుకువెళ్తే, అక్కడ ఇంజన్ మొదలవుతుంది గాని థ్రాటిల్ వదలగానే, అంటే ఐడిల్‌లో, తడబడుతూ, పొగ కక్కుతూ, నిమిషంలోపే ఆగిపోతుంది. కొలరాడోలో సెకండ్ హ్యాండ్ బండి కొన్న మనవాళ్ళు చాలామంది ఈ దశలో ఐడిల్ స్పీడ్ స్క్రూను బిగించి వేగం పెంచుతారు. ఇంజన్ ఆగకుండా ఉంటుంది కాబట్టి సమస్య తీరినట్లే కనిపిస్తుంది, కాని గాలి-పెట్రోల్ మిశ్రమంలోని లోపం అలాగే ఉండిపోయి ప్లగ్‌లు మసిబారుతూనే ఉంటాయి. ఇక్కడ చెప్పేది రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు ఉన్న టూ-స్ట్రోక్ ఇంజన్ల గురించి.

ముందు చేయవలసిన పరీక్ష

ఏ స్క్రూనూ ముట్టుకోకముందు, వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో తడబడుతున్నప్పుడు చోక్ (అదనపు పెట్రోల్ ఇచ్చే ఏర్పాటు) లీవర్‌ను క్షణకాలం కొద్దిగా పైకి లేపి చూడాలి. ఇంజన్ మరింత కుంగితే మిశ్రమంలో ఇప్పటికే పెట్రోల్ ఎక్కువగా ఉందని, అంటే ఎత్తు ప్రభావమే కారణం కావచ్చునని అర్థం. అలా కాక ఇంజన్ తేరుకుంటే మిశ్రమం పలచగా, అంటే పెట్రోల్ తక్కువగా, ఉన్నట్టు. ఆ దోషాన్ని కొండ మీదికి నెట్టడం తప్పు.

లక్షణం: గరగర శబ్దం, పొగ, రెండు ప్లగ్‌లూ నల్లగా తడిసి ఉండడం

సముద్రమట్టం వద్ద దాదాపు 101 కిలోపాస్కల్‌గా ఉండే గాలి పీడనం డెన్వర్‌లో 83కు, వెయిల్ పాస్‌పై 68కి పడిపోతుంది. పిస్టన్ పీల్చే గాలి పరిమాణం మారకపోయినా దాని బరువు తగ్గుతుంది. కార్బ్యురేటర్ మాత్రం గాలి ప్రవాహం కలిగించే పీడన భేదాన్ని బట్టి పెట్రోల్ ఇస్తుంది గాని గాలిని తూచి ఇవ్వదు. అందువల్ల డెన్వర్ నుండి ఆ కనుమకు చేరేసరికి గాలి సుమారు 18 శాతం తగ్గితే పెట్రోల్ అందులో ఇంచుమించు సగం మేరకే తగ్గి, మిశ్రమం చిక్కబడుతుంది.

సవరణకు ముందు చోక్ కేబుల్‌లో కొద్దిపాటి వదులు ఉందో లేదో చూడాలి. కేబుల్ బిగుసుకుపోయి చోక్ ప్లంజర్ (చోక్ దారిని మూసే ముక్క) పూర్తిగా కూర్చోకపోతే లక్షణాలన్నీ ఎత్తు వల్ల వచ్చినట్లే ఉంటాయి. అది సరిగ్గా ఉంటే, ఐడిల్ మిశ్రమాన్ని సవరించే ఎయిర్ స్క్రూ వంతు. ఆర్‌ఎక్స్ 100 కార్బ్యురేటర్‌ను సొంతంగా ట్యూన్ చేసుకున్నవారికి ఇది కొత్త పని కాదు. అయితే స్క్రూ ఎటువైపు ఉందో గమనించాలి: ఎయిర్ బాక్స్ (గాలి లోపలికి వచ్చే పెట్టె) వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వైపు ఉంటే అది ఇంధన స్క్రూ, దాని ప్రభావం సరిగ్గా తలకిందులు.

బండిని ఆరుబయట నిలిపి, టెథర్ తాడు (ఊడితే ఇంజన్‌ను ఆపేది) తగిలించుకుని, క్లచ్ గార్డ్ మూసి ఉంచి ఇంజన్‌ను వేడెక్కించాలి. తరువాత ఇంజన్ ఆపి, రెండు గాలి స్క్రూలనూ ఎన్ని చుట్లకు ఆనుతున్నాయో లెక్కిస్తూ మెల్లగా లోపలికి తిప్పి, ఆ సంఖ్యను రాసుకుని, తిరిగి మునుపటి చోటికే తేవాలి. ఇంజన్ నడుస్తుండగా రెండింటినీ సమానంగా పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ, ప్రతిసారీ పదిహేను ఇరవై సెకన్లు ఆగి చూస్తే, ఒక దశలో ఐడిల్ వేగం పెరిగి నిలకడపడుతుంది. అప్పుడే ఐడిల్ స్పీడ్ స్క్రూను వదులు చేసి, మాన్యువల్ చెప్పిన వేగానికి దించాలి. రెండున్నర చుట్లు దాటినా మెరుగుపడకపోతే స్క్రూను ఇంకా తిప్పి ప్రయోజనం లేదు. ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌ను ఒక సైజు తగ్గించి, మళ్ళీ మొదటినుంచి సరిచేయాలి.

లక్షణం: ఒక ప్లగ్ నల్లగా, మరొకటి గోధుమరంగులో ఉండడం

ఎత్తు రెండు సిలిండర్లనూ ఒకేలా బాధిస్తుంది కాబట్టి, తేడా ఉందంటే కారణం ఒక వైపే ఉంది. నల్లబడిన వైపు ఫ్లోట్ నీడిల్ (కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) కారుతుండవచ్చు, చోక్ ప్లంజర్ నిలిచిపోయి ఉండవచ్చు, లేదా ప్లగ్ బలహీనపడి ఉండవచ్చు. ప్లగ్‌లను అటూ ఇటూ మార్చి చూస్తే చివరి అనుమానం వెంటనే తీరుతుంది.

లక్షణం: చోక్ వేస్తేనే నిలవడం

వేసవి అంతా ట్యాంకులో నిలిచిన ఇథనాల్ కలిసిన పెట్రోల్ జిగురుగా మారి, సూదిమొన అంత ఉండే పైలట్ జెట్ రంధ్రాన్ని మూసివేస్తుంది. జెట్‌ను విప్పి కార్బ్యురేటర్ క్లీనర్‌తోనూ, గాలి పీడనంతోనూ శుభ్రపరచాలి. తీగతో పొడిస్తే రంధ్రం వెడల్పై కొత్త సమస్య మొదలవుతుంది.

లక్షణం: థ్రాటిల్ వదిలినా వేగం వెంటనే దిగకపోవడం

అన్నిటికంటే దీనిని తీవ్రంగా తీసుకోవాలి. కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు బూట్లు చలికి బీటలు వారి అదనపు గాలిని లోపలికి పంపుతుండవచ్చు; వాటిని విప్పి చేతితో వంచి చూస్తే పగుళ్ళు బయటపడతాయి. బూట్లు బాగుంటే, క్రాంక్ షాఫ్ట్ చివర్ల నుండి గాలి చొరబడకుండా ఆపే క్రాంక్ సీళ్ళను మెకానిక్ చేత పీడన పరీక్ష చేయించాలి. అంతవరకు బండిని నడపరాదు, ఎందుకంటే పలచని మిశ్రమంతో బలంగా నడిపిన టూ-స్ట్రోక్ పిస్టన్ గీతలు పడి పట్టేసే ప్రమాదం ఉంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు పీడనాన్ని సెన్సర్ ద్వారా గ్రహించి పెట్రోల్‌ను తామే తగ్గించుకుంటాయి కనుక, వాటిలో ఇదే లక్షణం కనిపిస్తే జెట్ల ప్రసక్తి లేదు. సెన్సర్‌నూ, దాని గొట్టాన్నీ, కనెక్టర్‌నూ చూడాలి.

పైన చేసిన సవరణను కిందికి దిగాక మరువరాదు. చలి ముదిరిన కొద్దీ గాలి సాంద్రత పెరుగుతుంది కాబట్టి, కనుమపై మధ్యాహ్నం సరిపోయిన అమరిక మరుసటి ఉదయం లోయలోని గడ్డకట్టే చలిలో పలచనవుతుంది. ఎక్కువ థ్రాటిల్‌లో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్‌ను కూడా చిన్నది వేసి ఉంటే ఆ తేడా పిస్టన్‌కే చేటు. ఎత్తు, ఉష్ణోగ్రతల వారీగా జెట్ల సైజులు చూపే పట్టిక మాన్యువల్‌లోనో, బండి మీది స్టిక్కర్‌పైనో ఉంటుంది. దానిని చూసి, విప్పిన జెట్లను చిన్న డబ్బాలో బండితోనే ఉంచుకుని, దిగాక వాటిని తిరిగి బిగించి, మొదట రాసుకున్న చుట్ల సంఖ్యకు స్క్రూలను తిరిగి తెచ్చిన తరువాతే లోయలో ఇంజన్ మొదలుపెట్టాలి.