డీకేటీ ఇంటి స్థలాన్ని 22ఏ జాబితా నుంచి తీయించుకోవడం

డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చిన పట్టా, చేతిలో ఉంటుంది, ఇల్లు కట్టి ఏళ్లు గడిచుంటాయి. అయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు తీసుకోరు, ఆ సర్వే నంబరు 22ఏలో (రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత ఆస్తుల జాబితాలో) ఉందంటారు. కర్నూలు, కడప, అనంతపురం చుట్టుపక్కల కాలనీల్లో ఈ చిక్కు మామూలే. అర్జీ రాసే ముందు మీ నంబరు ఏ క్లాజు కింద చేరిందో చూసుకోండి. చాలా అర్జీలు తిరిగొచ్చేది ఇది చూడకపోవడం వల్లే.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. 22ఏ(1)లో 'ఏ' అంటే చట్టం అమ్మనివ్వని భూమి, డీకేటీ పట్టాలు దీని కిందికే వస్తాయి. 'బీ' ప్రభుత్వ భూమి, 'సీ' దేవాదాయ, వక్ఫ్ భూములు, 'డీ' భూపరిమితి (సీలింగ్) చట్టాల కింద తేలిన మిగులు భూమి. స్థలం మున్సిపాలిటీ సొంతమైతే దారి వేరు: కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు, ప్రభుత్వ అనుమతి కావాలి.

డీకేటీ ఇంటి స్థలాన్ని అమ్ముకోవడానికి 1977 అసైన్డ్ భూముల చట్టానికి చేసిన సవరణలు వీలిచ్చాయి. అమ్మడానికి ఆగాల్సిన గడువు మొదట 20 ఏళ్లు, దాన్ని తర్వాత 10కి తగ్గించారు. లెక్క పట్టా తేదీ నుంచే, ఇల్లు కట్టిన తేదీ నుంచి కాదు. ఆ గడువుకు ముందే స్టాంపు పేపరు మీద కొన్నవారికి హక్కు రాదు. పైగా తహసీల్దారు స్థలాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి అర్జీ పట్టాదారు పేరుతోనే వెళ్లాలి. పట్టాదారు చనిపోయి ఉంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి వారసులంతా సంతకం చేయాలి, ఒక్కరు తగ్గినా ఆగిపోతుంది.

అర్జీకి పట్టా నకలు, ఆధార్, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), హద్దులు తెలిసే స్కెచ్ జతచేయండి. పట్టా పోయిందా? తహసీల్దారు ఆఫీసులోని పట్టాల రిజిస్టరు నుంచి ధ్రువీకరించిన నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీ ఏ తహసీల్దారుకన్నది కూడా చూసుకోవాలి. కల్లూరు కర్నూలు కార్పొరేషన్‌లో కలిసిపోయినా రెవెన్యూలో వేరే మండలం. వీఆర్వో, సర్వేయరు స్థలం చూసి వెళ్లాక ఫైలు తహసీల్దారు నుంచి కలెక్టరేట్‌కు చేరాలి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి.

ఎక్కువగా దెబ్బతీసేది సబ్‌డివిజన్. ఒక నంబరులో కొంత భాగమే డీకేటీ అయినా మొత్తం నంబరును జాబితాలో పెట్టేసి ఉంటారు. అప్పుడు గడువు సంగతి ఎత్తకండి. ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) చూపించి 'మా భాగం డీకేటీ కాదు, ప్రైవేటు పట్టా భూమి' అని సవరణ కోరండి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరుతో పాటు పాత సర్వే నంబరూ అర్జీలో రాయాలి, లేకపోతే రెండూ ఒకటేనని ఆఫీసులో తేలదు.

హౌసింగ్ కార్పొరేషన్ రుణంతో కట్టి, 2021లో మొదలైన ఓటీఎస్ (వన్‌టైమ్ సెటిల్‌మెంట్) కింద (పల్లెల్లో 10,000, మున్సిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 రూపాయలు) కట్టేసిన ఇళ్లకు రసీదు, అప్పుడిచ్చిన దస్తావేజు నంబరు జతచేస్తే పని తేలికవుతుంది.

ఉత్తర్వు చేతికొచ్చినా పని అయిపోలేదు, అది రిజిస్ట్రేషన్ శాఖకు చేరి జాబితా మారాలి. వెబ్‌సైట్‌లో మీ నంబరు లేదని మీరే చూసుకున్నాకే బయానా తీసుకోండి.