తల్లి లేని గుర్రం పిల్లకు పాలు పట్టే ముందు

మొదట చూడవలసింది ముర్రుపాలు తాగిందా లేదా అన్నది. పుట్టిన ఆరు గంటల్లోపు అందితేనే పూర్తి ఫలం. ఒకరోజు దాటితే ముర్రుపాలలోని రోగరక్షణను పిల్ల పేగులు ఒంటికి పట్టించలేవు. అనుమానముంటే పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి.

ఈనిన పిల్లను పోగొట్టుకున్న గుర్రం దొరికితే అదృష్టమే, కానీ తొందరపడి కొట్టంలో వదలకండి. దానికి జబ్బులేమీ లేవని తెలుసుకోవాలి. దాని పాలు కాస్త పిండి పిల్ల వీపుకు, తలకు పూయండి. గుర్రం ముక్కు దగ్గర ఘాటైన విక్స్ రాస్తే పరాయి వాసన తెలియదు. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు పిల్లను పొదుగు వైపు నడిపించాలి. చెవులు వెనక్కి వాలాయంటే తన్నబోతోందని అర్థం, పిల్లను వెంటనే పక్కకు లాగండి. గుర్రం పిల్లను ఒప్పుకోవడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు, అప్పటిదాకా వాటిని ఒంటరిగా వదలకూడదు.

గుర్రం దొరకకపోతే గుర్రం పిల్లల పాలపొడి మేలు, మేకపాలూ పనికొస్తాయి. ఆవుపాలలో కొవ్వు ఎక్కువ, తీపి తక్కువ. అందుకే వైద్యుడు చెప్పకుండా నేరుగా పట్టకండి.

సీసా పట్టేటప్పుడు పిల్ల నిలబడే ఉండాలి, తల పైకెత్తించకూడదు. ముక్కులోంచి పాలు కారితే ఆపేయండి, ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమో. 50 కిలోల పిల్లకు తొలిరోజు సుమారు 5 లీటర్లు, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా. అర్ధరాత్రి కూడా, తప్పదు.

ముద్దొస్తోందని దానితో ఆడకండి. పెద్దయ్యాక అదే ఆటగా మీదికి దూకుతుంది. సాధువైన ముసలి గుర్రాన్నో మేకనో తోడు కట్టండి.