క్యాంపింగ్‌కు ఐస్ బాక్స్ సర్దే పద్ధతి

ఒక కిలో ఐసు పూర్తిగా కరిగి నీరు కావడానికి 334 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది; కిలో నీళ్ళను 0 డిగ్రీల నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాచడానికి పట్టే వేడి కూడా ఇంచుమించు అంతే. ఆరుబయట రెండు మూడు రోజులు గడపడానికి వెళ్ళేవారు ఐస్ బాక్సులో పెట్టుకుని వెళ్ళే పెట్టుబడి ఇదే. అది దేనికి ఖర్చవుతుందో చూస్తే పెట్టె సర్దే పద్ధతి దానంతటదే తేలుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న 6 లీటర్ల పానీయాలను 4 డిగ్రీలకు దించడానికే దాదాపు 2 కిలోల ఐసు కరిగిపోతుంది. ఆ పని ఇంట్లో ఫ్రిజ్ చేత చేయించి ఉంటే ఆ 2 కిలోలూ మర్నాటికి అక్కరకు వచ్చేవి. కాబట్టి పెట్టెలోకి వెళ్ళే ప్రతి వస్తువూ ముందే బాగా చల్లబడి ఉండాలి. గోడల గుండా, మూత గుండా వచ్చే వేడిని అడ్డుకోవడం ఒక్కటే ఐసుకు అప్పగించవలసిన పని.

ఈ నియమం పెట్టెకు కూడా వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. అటక మీదో, కారు డిక్కీలోనో ఉండి వేడెక్కిన పెట్టెలో, దాని మందపాటి గోడల్లోనే కొంత వేడి నిలిచి ఉంటుంది. అందుకని ప్రయాణానికి ముందురోజే దాన్ని దించి, కడిగి తుడిచి, మూత అంచున ఉండే రబ్బరు పట్టీ ఎక్కడైనా చిరిగిందేమో, అడుగున నీళ్ళు వదిలే బిరడా సరిగా బిగుస్తోందో లేదో చూసుకోవాలి. ఆ రాత్రి కొంత ఐసునో, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలనో లోపల పెట్టి మూత వేసి ఉంచి, తెల్లవారాక వాటిని తీసేసి అసలు ఐసుతో సర్దడం మొదలుపెట్టాలి. మామూలు థర్మోకోల్ పెట్టె అయినా సరే, ఈ మాత్రం శ్రద్ధతో సర్దితే నిర్లక్ష్యంగా నింపిన ఖరీదైన పెట్టె కంటే మెరుగ్గా పనిచేస్తుందని నా అభిప్రాయం.

ఐసు ఏ ఆకారంలో ఉందన్నది కూడా ముఖ్యమే. పొడవు, వెడల్పు, ఎత్తు 10 సెంటీమీటర్ల చొప్పున ఉన్న ఐసు దిమ్మకు వేడి తగిలే ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే 125 ముక్కలై, వాటన్నిటి ఉపరితలం కలిపి 3,000 చదరపు సెంటీమీటర్లవుతుంది. అంటే బరువు మారకుండానే వేడి తగిలే చోటు ఐదింతలైంది. ముక్కల ఐసు పక్కనున్న వస్తువును త్వరగా చల్లబరచి త్వరగా కరిగిపోవడానికీ, దిమ్మ నిదానంగా కరుగుతూ ఎక్కువకాలం నిలవడానికీ కారణం ఇదే. నిల్వ కోసం దిమ్మలు, వస్తువుల మధ్య సందులు నింపడానికి ముక్కలు, ఇలా రెండూ ఉండటం మంచిది. దిమ్మల కోసం ప్రత్యేకమైన అచ్చులు అక్కర్లేదు. తాగునీటి సీసాలను ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే సరిపోతుంది, కరిగిన తరువాత ఆ నీళ్ళు తాగడానికీ పనికొస్తాయి. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కనుక సీసాను అంచు దాకా నింపకుండా పదో వంతుకు కాస్త ఎక్కువే ఖాళీ వదలాలి. పెద్ద సీసా నడిమి దాకా గట్టిపడటానికి ఒక రాత్రి చాలకపోవచ్చు. రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో పెట్టడం క్షేమం.

ఎంత ఐసు కావాలన్న ప్రశ్నకు వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: పెట్టెలో ఒక వంతు ఆహారం ఉంటే రెండు వంతుల చోటు ఐసుకు ఇవ్వాలి. ఇది మొదట అతిగా తోస్తుంది. అందుకే ఆహారాన్ని తగ్గించే పని ఇంటి దగ్గరే జరగాలి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అరటిపళ్ళు, తొక్క తీయని నారింజలు, రొట్టెలు, మూత తీయని డబ్బా ఆహారాలు పెట్టెలోకి రానక్కర్లేదు. వచ్చేవాటికి కూడా అట్టపెట్టెలు తీసేసి, కూరగాయలు కోసి, మాంసం అవసరమైన కొలతలో విడదీసి, నీరు చొరని బిగుతు మూత డబ్బాల్లోనో జిప్ కవర్లలోనో పెట్టాలి. వండిన కూరలను, పులుసులను కవర్లలో పోసి, గాలి తీసి, పళ్ళెం మీద పరచి గడ్డకట్టిస్తే పలకల్లా తయారై పుస్తకాల వలె నిలబెట్టడానికి వీలవుతాయి. పైగా అవి కరిగేదాకా అదనపు ఐసుగా పనిచేస్తాయి. రెండోరోజుకో, ఆ తరువాతకో ఉద్దేశించిన మాంసాన్ని గడ్డకట్టిన స్థితిలోనే తీసుకెళ్ళాలి.

సర్దేటప్పుడు అడుగున దిమ్మలు పరచి, వాటి మీద పచ్చి మాంసం, చేపలు ఉన్న డబ్బాలు పెట్టాలి. ఒకవేళ డబ్బా కారినా ఆ రసం మిగతా ఆహారం మీదికి దిగకుండా ఉండాలంటే వాటి చోటు ఎప్పుడూ అడుగే. వాటి పైన చివరిరోజు భోజనం, ఆపైన నడిమి రోజుది, అన్నిటికంటే పైన చేరిన వెంటనే తినబోయేది వచ్చేలా, వాడే క్రమానికి తలకిందులుగా పేర్చాలి. పాలు, పెరుగు, గుడ్లు మధ్యలో ఉండవచ్చు. ఆకుకూరలు నేరుగా ఐసుకు తగిలితే కమిలిపోతాయి కాబట్టి వాటిని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి పైవరుసలో ఉంచాలి. చల్లని గాలి కిందికి దిగుతుంది గనుక కొంత ఐసు అన్నిటి మీదా కూడా ఉండాలి. ఇంకా ఖాళీ మిగిలితే మడిచిన తువ్వాలు కుక్కండి. ఖాళీలో నిండే గాలి మూత తీసినప్పుడల్లా పోయి, దాని స్థానంలో వేడిగాలి వస్తుంది. ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి మూతకు అంటించుకుంటే తెరిచి వెతికే పని తప్పుతుంది.

పానీయాలకు వేరే పెట్టె పెట్టుకోవడం అన్నిటికంటే లాభదాయకమైన ఏర్పాటు. దాహం వేసినప్పుడల్లా, ముఖ్యంగా పిల్లలున్న చోట, తెరిచే పెట్టె అదే.

బస చేరిన తరువాత పెట్టెను నీడలో, వేడి నేలకు తగలకుండా రాళ్ళ మీదో కర్రల మీదో ఉంచాలి. నీడ పొద్దుతో పాటు జరుగుతుందని గుర్తుంచుకుని దాన్నీ జరుపుతూ ఉండాలి. గాలి పొడిగా ఉండే చోట పైన తడి దుప్పటి కప్పితే నీరు ఆవిరవుతూ కొంత వేడిని తీసుకుపోతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో పెట్టె ఉంచడం మాత్రం కూడదు.

కరిగిన నీళ్ళను వదిలేయాలా, ఉంచాలా అన్నది ఎప్పుడూ వాదనకు వచ్చే విషయం. ఐసు ఇంకా తేలుతున్నంతకాలం ఆ నీరు 0 డిగ్రీలకు దగ్గరగానే ఉంటుంది. దాన్ని వదిలితే ఆ చోటు గాలితో నిండుతుంది. అందుచేత ఆహారమంతా నీరు చొరని డబ్బాల్లో ఉంటే నీళ్ళను ఉంచడమే మేలు, కొత్త ఐసు దొరికినప్పుడు మాత్రం వదిలేసి నింపుకోవచ్చు. డబ్బాలపై నమ్మకం లేకపోతే, లేదా మాంసం రసం కలిసిందన్న అనుమానం వస్తే, వెంటనే వదిలేయాలి. ఏదేమైనా ఆ నీరు తాగడానికి గానీ కూరగాయలు కడగడానికి గానీ పనికిరాదు.

లోపల ఒక చిన్న థర్మామీటర్ ఉంచండి. పాడయ్యే ఆహారం 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉండాలి. అంతకుమించిన వేడిలో మాంసం, పాలు, వండిన అన్నం వంటివి 2 గంటలకు మించి ఉంటే, బయట 32 డిగ్రీలు దాటినప్పుడైతే గంటకు మించి ఉంటే, పారేయడమే సరి. వాసన చూసి తేల్చుకోవడం కుదరదు. జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు రుచినీ వాసననూ మార్చకుండానే పెరగగలవు, అన్నంలో పెరిగే కొన్నిటి విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

డ్రై ఐస్ వాడదలచినవారు అది మైనస్ 78 డిగ్రీల దగ్గరుండే ఘన కార్బన్ డయాక్సైడ్ అని మరువకూడదు. దాన్ని చేతి తొడుగులు లేకుండా తాకకూడదు, గాలి చొరకుండా బిగించే పెట్టెలో ఉంచకూడదు, గుడారంలోకి తేకూడదు, కారులో ఉన్నప్పుడు అద్దాలు దించి ఉంచాలి. రెండు మూడు రోజుల బసకు అది అనవసరమనే చెప్పవచ్చు.

తిరిగి వచ్చాక మిగిలిన గడ్డకట్టిన ఆహారంలో ఇంకా ఐసు పలుకులు కనిపిస్తే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పెట్టెను సబ్బుతో కడిగి, బిరడా తీసి, తడి పూర్తిగా ఆరేదాకా మూత తెరిచే ఉంచాలి.