పాత కారులో రేడియో మొరాయిస్తే

మా 2004 మారుతి 800లో రేడియో పెట్టినప్పుడల్లా కీచుమని ఒక కూత. సెట్ పోయిందనుకుని కొత్తది కొన్నాం. కూత అలాగే ఉంది. మీకు ఆ డబ్బు దండగ కాకూడదు.

సెట్ అసలు ఆన్ కాకపోతే

కారు ఫ్యూజ్ బాక్సుతో పాటు సెట్ వెనక కూడా ఒక ఫ్యూజ్ ఉంటుంది. దాన్ని చాలామంది చూడరు. కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయండి. 10 ఉన్నచోట 20 వేస్తే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. కొత్తదీ వెంటనే పోతే షార్ట్ ఎక్కడుందో వెతకాల్సిందే.

బండి ఆపి తాళంచెవి తీయగానే స్టేషన్లు, టైమ్ చెరిగిపోతే

బయట కొన్న సెట్లలో సాధారణంగా పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపుకు తాళం తిప్పాకే రావాలి. తాళంచెవి తీసి మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటర్) చూడండి. పసుపులో సుమారు 12 వోల్టులు లేకపోతే తప్పుగా కలిపారన్నమాట. రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేస్తే, సెట్ ఆపడం మరిచిన రాత్రి బ్యాటరీ డౌన్ అవుతుంది.

కూత, గరగర

ముందు పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టండి. గరగర ఎఫ్ఎంలోనే ఉంటే యాంటెన్నా ప్లగ్గు, యాంటెన్నా అడుగున తుప్పు చూడండి. పాటలోనూ ఉండి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత పెరుగుతుంటే మొదటి అనుమానం ఎర్త్ మీదే, అంటే సెట్ నుంచి కారు బాడీకి వెళ్లే నల్ల వైరు మీద.

మా కారులో నల్ల వైరును డ్యాష్‌బోర్డ్ కింద పెయింట్ మీదే స్క్రూ వేసి బిగించారు. స్క్రూ చుట్టూ తుప్పు, వేలితో కదిపితే వైరు ఊగింది. సెట్ మోగుతుండగా మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకొకటి సెట్ బాడీకి పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, ఇనుము తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరు కొనకు లగ్గు (బోల్టు దూరే లోహపు రింగు) వేసి బోల్టుతో బిగించండి. మాకు కూత అక్కడితో ఆగింది. అప్పటికీ ఆగకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) చూపించాలి.

ఒక స్పీకర్ పలకకపోతే

తలుపు తెరిచి మూసేటప్పుడు శబ్దం వచ్చి పోతుంటే, తలుపు సందులో రబ్బరు గొట్టం లోపల వైరు తెగింది. ఏళ్ల తరబడి మడతపడి అక్కడే విరుగుతుంది. మెలితిప్పి టేపు చుట్టకండి, సోల్డర్ చేయించండి. స్పీకర్ వైరు మాత్రం కారు బాడీకి తగలనివ్వద్దు, సెట్‌లో స్పీకర్లను నడిపే ఐసీ (చిప్పు) పోతుంది.