నొప్పి మాత్ర వేసుకునే ముందు

మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే, మందు పేరున్న ముక్క చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మా నాన్న మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి అలాగే తెచ్చాం. అందుకే ముందు పేరు రాయించుకోండి.

• ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వాపును తగ్గిస్తాయి. ట్రమడాల్, మార్ఫిన్ ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు. నొప్పి కబురు మెదడుకు చేరకుండా అడ్డుకుంటాయి, వాపు అలాగే ఉంటుంది. బెణుకుకూ పంటినొప్పికీ చాలావరకు మొదటి రకమే సరిపోతుంది.

• అల్సర్, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు, బీపీ ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా వాపు మందులు సొంతంగా వేసుకోవద్దు. పరగడుపున అసలే వద్దు. జ్వరంతో ఒళ్లు నొప్పులా? డెంగీ కాదని తేలేదాకా వీటి జోలికి పోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

• ట్రమడాల్ 2018 నుంచి మత్తుమందుల చట్టం కింద ఉంది. చీటీ లేకుండా అడగకండి. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఫిట్స్ ఉంటే, డిప్రెషన్ మందులు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వేసుకున్నాక బండి తీయొద్దు. రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు.

• కేన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాస్తే మాత్రం, అలవాటవుతుందని భయపడి దాచేయకండి. మనిషి నొప్పితో మెలికలు తిరగాల్సిన పనిలేదు.

• ఎసిక్లోఫెనాక్, ట్రమడాల్ స్ట్రిప్పుల్లో చాలావాటిలో పారాసెటమాల్ 325 మి.గ్రా. కలిపే ఉంటుంది. పైన జ్వరం మాత్ర వేసుకునేటప్పుడు అదీ లెక్కలోకి తీసుకోండి.